జుట్టు పోలిగాడి బొమ్మను పిల్లలచేత గీయించడం ఎలా

తోలుబొమ్మలాటలో రాముడు, రావణుడు, హనుమంతుడు వంటి పెద్ద పాత్రలు కథను నడిపిస్తుంటే, ఆ కథ మధ్యమధ్యలో తెరమీదికి దూరి, కునికిపాట్లు పడుతున్న ప్రేక్షకులను నవ్వించి లేపే పని జుట్టు పోలిగాడిది, బంగారక్కది, కేతిగాడిది. రాత్రంతా సాగే ఆటలో ఈ పాత్రలు పోట్లాడుకుంటాయి, ఊరి సంగతులు ఎత్తుతాయి, ఎదుట కూర్చున్న పెద్దలను కూడా ఆటపట్టిస్తాయి. పిల్లలకు మన జానపద కళలోంచి ఒక కార్టూన్ బొమ్మను నేర్పాలంటే వీరికంటే తగినవారు లేరని నా గట్టి నమ్మకం. ఒక లక్షణాన్ని బాగా పెంచి, మిగిలినవాటిని తగ్గించి, దూరంనుంచి చూసినా ఫలానావాడని తెలిసేటట్టు చేయడమే కార్టూన్ అయితే, ఆ పనిని మన తోలుబొమ్మల కళాకారులు తరతరాలుగా చేస్తూనే ఉన్నారు.

ఇక్కడ చెప్పే పద్ధతి ఏడేళ్ళనుంచి పదకొండేళ్ళ వయసు పిల్లలను దృష్టిలో ఉంచుకొని రాసినది. ముప్పావుగంట చొప్పున రెండు తరగతులు పెట్టుకుంటే తొందర లేకుండా పూర్తవుతుంది. మొదటి తరగతిలో పెన్సిల్ గీతలు, రెండవ తరగతిలో నల్లగీత, రంగులు, వెలుగు.

పని మొదలుపెట్టేముందు నేర్పేవారు ఒక విషయం తేల్చుకోవాలి. దశలవారీగా బొమ్మ నేర్పే పద్ధతిలో ఒక పెద్ద ప్రమాదం ఉంది. గురువు ఒక గీత గీస్తే పిల్లలందరూ అదే గీత గీస్తారు, చివరికి తరగతిలో ఎంతమంది ఉంటే అన్ని ఒకే రకం బొమ్మలు తయారవుతాయి. గోడకు అంటించి చూస్తే ఏది ఎవరిదో గీసినవారే గుర్తుపట్టలేరు. అలాగని దశలు వదిలేస్తే, బొమ్మ గీయడం తనకు రాదని ముందే అనుకున్న పిల్లవాడు ఖాళీ కాగితం ముందు కూర్చుండిపోతాడు. అందుకని దశలను ఉంచుతూనే, ప్రతి దశలోనూ ఒక నిర్ణయాన్ని పిల్లవాడికే వదిలిపెట్టాలి. ముక్కు ఎక్కడ మొదలవుతుందో మనం చెబుతాం, ఎంత పొడవు రావాలో వాడు తేల్చుకుంటాడు. కీళ్ళు ఎక్కడ ఉండాలో మనం చెబుతాం, అవి ఎటు వంగాలో వాడు తేల్చుకుంటాడు. ఈ వ్యాసంలో అడుగడుగునా ఈ విభజనే కనిపిస్తుంది.

నేర్పేవారికి ఉండవలసిన పరిచయం

మన తోలుబొమ్మలు ప్రధానంగా మేకతోలుతో తయారవుతాయి. తోలును శుభ్రపరచి, వెలుతురు దూరేంత పలచగా గీకి, ఆరబెట్టి, దానిమీద బొమ్మ గీసి, రంగులు వేసి, ఆభరణాల చోట ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. కాళ్ళూ చేతులూ విడిగా కత్తిరించి, కీళ్ళ దగ్గర దారంతో ముడివేస్తారు. బొమ్మ నడుమ నిలువునా ఒక వెదురుబద్ద ఉంటుంది. తెల్లని తెర వెనుక దీపం, దీపానికీ తెరకూ మధ్య బొమ్మ ఉంటాయి. ఆముదపు దీపాల కాలంనుంచి కరెంటు బల్బుల కాలం వరకు ఈ అమరిక మారలేదు. ప్రధాన పాత్రల బొమ్మలు ఐదారు అడుగుల ఎత్తు కూడా ఉంటాయి, హాస్యపాత్రలవి సాధారణంగా వాటికంటే చిన్నవి.

ఈ కళకు ఇప్పటికీ పేరుమోసిన చోటు శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఈ వివరాలను పిల్లలకు ఉపన్యాసంగా చెప్పనక్కరలేదు. బొమ్మ గీస్తూ ఉండగా ఒక్కొక్కటి సందర్భానుసారం చెబితే చాలు. చేతిని మూడు ముక్కలుగా ఎందుకు గీస్తున్నామని పిల్లవాడు అడిగినప్పుడు దారపు ముడుల సంగతి చెబితే, అది వాడి మనసులో నిలుస్తుంది.

జుట్టు పోలిగాడి రూపం అన్ని బృందాల్లోనూ ఒకేలా ఉండదు. ప్రతి కుటుంబానికీ తనదైన గీత ఉంది. ఇక్కడ నేర్పే రూపం వాటిలో ఏ ఒక్కదానికీ నకలు కాదు. పక్కనుంచి కనిపించే ముఖం, పెద్ద కన్ను, పైకి లేచిన జుట్టు, ముందుకు వచ్చిన పొట్ట, విడివిడిగా కదిలే కాళ్ళూ చేతులూ అన్న ఐదు లక్షణాలతో పిల్లల చేతికి అందేటట్టు సులువు చేసిన రూపం ఇది. వీలైతే అసలు తోలుబొమ్మల ఫొటోలు మూడు నాలుగు తెచ్చి, అవి ఒకదానికొకటి ఎక్కడ తేడాగా ఉన్నాయో పిల్లలచేతే చెప్పించాలి. బొమ్మకు ఒకే సరైన రూపం లేదని వారికి అక్కడే అర్థమవుతుంది.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. కొన్ని పాత బొమ్మల్లో హాస్యపాత్ర శరీరపు రంగును, పెదవులను, ముక్కును వెక్కిరింపు కోసం పెంచి చూపడం ఉంది. తరగతిలో నల్లగా ఉన్న పిల్లవాడో, బొద్దుగా ఉన్న పిల్లవాడో ఉంటాడు, పక్కవాళ్ళు వాణ్ణి చూపించి నవ్వడం క్షణాల్లో జరిగిపోతుంది. పోలిగాడిని చూసి మనం నవ్వేది వాడి నిలబడే తీరుకు, వాడు చేసే ఆర్భాటానికి అని మొదటినుంచీ స్పష్టంగా చెప్పాలి. పొట్ట ఉన్నా లేకపోయినా పోలిగాడు పోలిగాడే.

కావలసిన వస్తువులు

మామూలు తెల్ల జిరాక్సు కాగితం, అంటే ఏ4 పరిమాణంలో దొరికే 75 జీఎస్ఎం కాగితం, ఈ పనికి సరిపోతుంది. మందమైన డ్రాయింగ్ షీటు ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే చివరి దశలో కాగితంగుండా వెలుతురు రావాలి. హెచ్‌బీ పెన్సిల్, రబ్బరు, నల్ల స్కెచ్ పెన్, రంగుల స్కెచ్ పెన్నులు ఉండాలి. ఇవికాక ఇంట్లో ఉండే గాజు ఒకటి కావాలి. రెండు ఆరు సైజు గాజు లోపలి వ్యాసం సుమారు 6 సెంటీమీటర్లు ఉంటుంది, మన కొలతకు అది సరిగ్గా సరిపోతుంది. చివర్లో కాస్త కొబ్బరినూనె, దూది, సూది, దళసరిగా మడిచిన న్యూస్‌పేపరు అవసరమవుతాయి.

ముందు నీడ, తరువాత గీత

పెన్సిల్ పట్టించేముందు గది కాస్త చీకటి చేసి, సెల్లు టార్చి వెలిగించి, ఒక పిల్లవాణ్ణి గోడ పక్కన నిలబెట్టాలి. ముందు వాడు వెలుతురుకు ఎదురుగా నిలబడితే నీడలో ముఖం ఒక గుండ్రని మచ్చగా మాత్రమే కనిపిస్తుంది. అదే పక్కకు తిరిగితే నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం ఒక్కసారిగా బయటపడతాయి. తోలుబొమ్మల్లో ఎక్కువ ముఖాలు పక్కకు తిరిగి ఎందుకు ఉంటాయో ఇక వేరే చెప్పనవసరం లేదు. చేతులు కూడా అంతే. ఒంటికి అంటిపెట్టుకున్న చెయ్యి నీడలో కలిసిపోతుంది, ఒంటికి దూరంగా చాపిన చెయ్యి స్పష్టంగా తెలుస్తుంది. ఈ రెండు సంగతులనూ పిల్లలు కళ్ళతో చూశాక గీయడం మొదలుపెడితే సగం వివరణ తప్పిపోతుంది.

ఈ దశను దాటవేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో చాలామంది మనిషిని ఎప్పుడూ ఎదురుగా చూస్తున్నట్టే గీస్తారు. వాళ్ళను ఉన్నట్టుండి పక్కకు తిరిగిన ముఖం గీయమంటే ముక్కు పక్కకు పెట్టి, కళ్ళు మాత్రం రెండూ గీసేస్తారు. అది తప్పని కొట్టివేయడంకంటే నీడ దగ్గరికి తీసుకువెళ్ళి ఎన్ని కళ్ళకు చోటుందో చూడమంటే వారే సర్దుకుంటారు.

కాగితం మడత, తలకాయ

కాగితాన్ని నిలువుగా పెట్టి, అడ్డంగా మూడు సమాన భాగాలు వచ్చేటట్టు మడిచి విప్పాలి. ఒక్కొక్క భాగం ఇంచుమించు 10 సెంటీమీటర్లు వస్తుంది. పై భాగం జుట్టుకూ తలకూ, నడిమి భాగం ఒంటికీ, కింది భాగం కాళ్ళకూ కేటాయించాలి. నిజమైన మనిషికి, అంటే ఎదిగిన పెద్దవారికి, ఎత్తులో తల ఏడెనిమిదో వంతు ఉంటుంది. మన పోలిగాడికి జుట్టుతో కలిపి మూడో వంతు ఇస్తున్నాం. ఈ లెక్కను పిల్లలకు చెప్పి, పెద్దవారిని ఎవరినైనా నిలబెట్టి జానతో కొలిపిస్తే, కార్టూన్‌లో తల ఎంత పెరిగిందో వారికి కొలతలో తెలుస్తుంది. మడత వల్ల ఇంకొక మేలు కూడా ఉంది. కాగితం మూలన వేలెడంత బొమ్మ గీసి వదిలేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, మడతలు కనిపిస్తుంటే వాళ్ళు కూడా కాగితం నిండా గీస్తారు.

గాజును మొదటి మడతకు ఆనుకునేటట్టు, దానికి పైన, కాగితం నడిమధ్యలో పెట్టి, చుట్టూ పెన్సిల్‌తో తేలికగా గీయాలి. దానిపైన జుట్టు కోసం మూడు నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. గుండ్రం మధ్యలో ఒక అడ్డగీత గీయాలి, అది కంటి గీత. పెన్సిల్ నొక్కిపెట్టి గీసే పిల్లలకు, ఈ గీతలన్నీ తరువాత చెరిపివేసేవని ముందే చెప్పాలి.

ముఖం ఎటు తిరగాలన్నది ఇప్పుడు తేల్చాలి. కుడిచేతి వాటం పిల్లలకు ఎడమవైపు చూస్తున్న ముఖం, ఎడమచేతి వాటం పిల్లలకు కుడివైపు చూస్తున్న ముఖం సాధారణంగా సులువుగా వస్తాయి. ఇకపై నేను ఎడమవైపు తిరిగిన బొమ్మనే వివరిస్తాను, ఎడమచేతి వాటం పిల్లలకు దీన్ని తిరగవేసి చెప్పాలి.

గుండ్రం ఎడమ అంచున, కంటి గీత దగ్గర ముక్కు మొదలవుతుంది. అక్కడినుంచి బయటికి వచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి గుండ్రాన్ని తాకుతుంది. దాని కింద పైపెదవి ఒక చిన్న ఉబ్బు, కిందిపెదవి ఇంకొక ఉబ్బు, ఆ కింద గడ్డం. ముక్కు ఎంత పొడవు, కొనదేరి ఉంటుందా గుండ్రంగా ఉంటుందా, గడ్డం ముందుకు పొడుచుకు వస్తుందా లోపలికి పోతుందా అన్నవి పిల్లవాడి నిర్ణయాలు. ఎటూ తేల్చుకోలేకపోతున్న పిల్లవాడికి చెత్తకాగితం మీద మూడు ముక్కులు వరుసగా గీసి ఒకటి ఎంచుకోమంటే సరిపోతుంది.

ఇక్కడ నేర్పేవారు పాటించవలసిన ఒక పద్ధతి ఉంది. ప్రతి దశనూ బోర్డుమీద గీసి చూపించి, పిల్లలు పెన్సిల్ ఎత్తకముందే దాన్ని తుడిచివేయాలి. మొదట్లో గొడవ చేస్తారు, ఇంకోసారి చూపించమంటారు. చూపించవచ్చు, కాని రెండోసారి వేరే ముక్కుతో, వేరే గడ్డంతో గీసి చూపించాలి. బోర్డుమీద బొమ్మ నిలిచి ఉన్నంతసేపూ పిల్లల చూపు దానికీ కాగితానికీ మధ్యే తిరుగుతుంది, సొంత ఊహకు చోటు దొరకదు.

కన్ను, చెవి, జుట్టు

తోలుబొమ్మ కంటిని అర్థం చేసుకుంటే ఆ శైలి సగం పట్టుబడినట్టే. ముఖం పక్కకు తిరిగి ఉన్నా, కన్ను మాత్రం మనవైపు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. దీపపు వెలుగులో, దూరాన కూర్చున్నవారికి కూడా పాత్ర చూపు తెలియాలి కాబట్టి కళాకారులు కంటిని అంత పెద్దగా ఉంచారు. కంటి గీతమీద, ముక్కుకు కాస్త దగ్గరగా, రెండు కొసలూ సన్నగా ఉండే చేప ఆకారాన్ని గుండ్రంలో మూడో వంతు పొడవున గీయించాలి. దాని మధ్యలో నల్లని కనుపాప, పైన మందమైన కనుబొమ్మ. కనుపాప ఎక్కడ పెడితే చూపు అటు పోతుంది. కనుబొమ్మ లోపలి కొస కిందికి దిగితే కోపం, పైకి లేస్తే భయం లేదా ఆశ్చర్యం. ఈ మార్పులను బోర్డుమీద ఒకే ముఖానికి మార్చి మార్చి చూపించి, తమ పోలిగాడు ఏ మనఃస్థితిలో ఉన్నాడో పిల్లలను తేల్చుకోమనాలి. ఈ నిర్ణయం తరువాత చేతులకూ కాళ్ళకూ కూడా వర్తిస్తుంది, అందుకని దీనికి తగినంత సమయం ఇవ్వాలి.

చెవి గుండ్రానికి నడిమధ్యనుంచి కాస్త వెనక్కి, కంటి గీతకూ ముక్కు కిందికీ మధ్య వస్తుంది. దానికి పోగు పెట్టవచ్చు.

జుట్టు దగ్గర పిల్లలకు పూర్తి స్వేచ్ఛ ఇవ్వాలి. నడినెత్తిన నిక్కపొడుచుకున్న పిలక కావచ్చు, వెనక్కి వంగిన ముడి కావచ్చు, గాలికి ఎగిరే కుచ్చు కావచ్చు. ఒక్కటే షరతు, అది నీడలో కనిపించేంత పెద్దదై ఉండాలి. వెంట్రుకలను ఒక్కొక్కటిగా గీయడం మొదలుపెట్టిన పిల్లలను ఆపి, ముందు జుట్టంతటికీ కలిపి ఒక హద్దు గీయమని, లోపలి గీతలు తరువాత వేసుకోవచ్చని చెప్పాలి.

ఒళ్ళు, కీళ్ళు, నిలబడే తీరు

బొమ్మలో ప్రాణం ఈ భాగంలోనే వస్తుంది, కనుక దీనిమీద ఎక్కువసేపు నిలబడాలి. నడిమి భాగంలో, మెడకోసం కాస్త చోటు వదిలి, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తున నిలువు అండాకారం గీయించాలి. వెనుకవైపు వీపు లోపలికి వంగుతుంది, ముందువైపు పొట్ట బయటికి వస్తుంది. పొట్ట ముక్కు కొసను దాటి ముందుకు రావాలా, ముక్కే పొట్టను దాటి ముందుండాలా అన్న ప్రశ్న వేస్తే పిల్లలు తెగ ఉత్సాహంగా తేల్చుకుంటారు. ఆ ఒక్క తేడాతోనే బొమ్మలు ఒకదానికొకటి పోలిక లేకుండా అవుతాయి.

కాళ్ళూ చేతులూ గీయడానికి ముందు పిల్లలను జతలుగా లేపాలి. ఒకరు పోలిగాడిగా ఏదో ఒక భంగిమలో కదలకుండా నిలబడితే, రెండోవారు వారి భుజం, మోచెయ్యి, మణికట్టు, తొడమొదలు, మోకాలు, చీలమండ ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి, తమ కాగితం మీద ఆ చోట్ల చిన్న సున్నలు పెట్టాలి. సున్నలను సన్నని గీతలతో కలిపితే ఎముకల బొమ్మ వస్తుంది. దానికి రెండువైపులా మందం ఇస్తే కాళ్ళూ చేతులూ తయారవుతాయి. పాదాలు రెండూ ముఖం తిరిగిన వైపే చూడాలి. ఇదొక్కటి మన బొమ్మకు నియమం. పాదాల మధ్య దూరం తక్కువైతే నిలుచున్నట్టు, ఎక్కువై మోకాళ్ళు వంగితే పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది. చేతులు మడత గీతలను దాటి తలకు పైకి పోయినా ఫరవాలేదు, పోవాలి కూడా.

విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవారికి ఈ దశ బాగా ఉపయోగపడుతుంది. ఇంట్లో తెలుగు వింటున్నా, మోచెయ్యి, మణికట్టు, చీలమండ, పిలక, మొలతాడు వంటి మాటలు పలకవలసిన అవసరం ఆ పిల్లలకు చాలా అరుదుగా వస్తుంది. బొమ్మమీద సున్న పెట్టేటప్పుడు దాని పేరు పలకమంటే, ఆ మాట చేతితోపాటు నేర్చుకున్నది అవుతుంది.

అరచేతిని పెద్దగా గీయించాలి, తలకాయ గుండ్రంలో సగమైనా ఉండాలి. ఐదు వేళ్ళు విడివిడిగా గీయడం చిన్నపిల్లలకు కష్టం. వేళ్ళన్నీ కలిపి ఒక ముద్దగా, బొటనవేలు మాత్రం విడిగా గీసి, కావలసిన చోట చూపుడువేలు పైకి లేపితే సరిపోతుంది. వేలెత్తి చూపిస్తున్న చెయ్యి ఒకటి, నడుంమీద పెట్టుకున్న చెయ్యి ఒకటి అనుకుంటే పోలిగాడి తీరు వెంటనే వచ్చేస్తుంది. నడుంమీద పెట్టిన చెయ్యి గీసేటప్పుడు చేతికీ ఒంటికీ మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే గోడమీద నీడలో చెయ్యి కలిసిపోయినట్టే ఇక్కడా కలిసిపోతుంది.

ఈ దశలో రబ్బరు అరిగిపోయేదాకా చెరిపే పిల్లలు ఉంటారు. కాగితం పలచనిది కాబట్టి చిరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. చెరపడానికి ముందు, తప్పనుకున్న గీత పక్కనే సరైన గీతను గీయమని, రెండింటిలో నచ్చనిదాన్ని ఆ తరువాత చెరపమని చెప్పాలి. చాలాసార్లు మొదటి గీతే బాగుందని వారే తేల్చుకుంటారు.

బట్టలు, నగలు, రంగులు

మోకాళ్ళ దాకా పంచె, నడుముకు మొలతాడు, మెడలో పూసలు, భుజానికి తువ్వాలు వంటివాటిలో పిల్లవాడికి ఏవి నచ్చితే అవి పెట్టవచ్చు. నగలను, బట్టల అంచులను చుక్కలతో, చిన్న సున్నలతో, ముగ్గుల్లో వేసే నాలుగు రేకుల పువ్వులతో నింపించాలి. అసలు బొమ్మలో ఇవి ఉలితో కొట్టిన రంధ్రాలు. తెరమీద అవి వెలుగుచుక్కలై మెరుస్తాయి, నగలు నిజంగా ధరించినట్టే కనిపిస్తాయి.

తరువాత నల్ల స్కెచ్ పెన్‌తో బయటి గీతను ఒకింత మందంగా, లోపలి గీతలను సన్నగా దిద్దించి, అది ఆరాక పెన్సిల్ గీతలను చెరిపించాలి. రంగుల విషయంలో పరిమితి పెట్టడమే మంచిది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు తోలుబొమ్మల్లో ప్రధానంగా కనిపించే రంగులు, వాటికి కాగితపు తెలుపు తోడు చాలు. ఇరవైనాలుగు రంగుల పెట్టె ముందు పెట్టుకుంటే పిల్లలు అన్నీ వాడేస్తారు, బొమ్మ చిందరవందర అవుతుంది. వెలుతురు ముందు చూపించే బొమ్మకు స్కెచ్ పెన్ రంగులే వేయాలి, ఎందుకంటే వాటిలోంచి వెలుగు దూరుతుంది. ఆయిల్ పేస్టల్ రంగు మందంగా పరుచుకుని వెలుగును ఆపేస్తుంది. గోడకు అంటించడానికి మాత్రమే గీస్తున్నట్టయితే పేస్టల్స్ వాడుకోవచ్చు.

జతగా బంగారక్క

పోలిగాడు ఒక్కడే ఉంటే ఆట సాగదు. మొదటి బొమ్మ పూర్తిచేసిన పిల్లలు అవే మడతలతో, అదే గాజుతో బంగారక్కను గీయవచ్చు. ఈసారి ముఖం కుడివైపు తిరగాలి, అప్పుడే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. అలవాటైన వైపుకు భిన్నంగా గీయడం కాస్త కష్టమే కాబట్టి, కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, వెనుకనుంచి కనిపించే మొదటి బొమ్మ తలను ఆధారంగా తీసుకోనివ్వవచ్చు. జుట్టు బదులు పెద్ద కొప్పు, కొప్పులో పూలు, ముక్కుపుడక, చేతులకు గాజులు, కుచ్చిళ్ళు ఎగదోపిన చీర ఉంటే ఆమె ఎవరో తెలిసిపోతుంది. బంగారక్కను ఒద్దికగా, తలవంచుకున్నట్టు గీయనివ్వవద్దు. పోలిగాడికి దీటుగా జవాబు చెప్పే పాత్ర ఆమె. రెండు చేతులూ నడుంమీద పెట్టుకుని గడ్డం పైకెత్తి నిలబడినట్టుంటే ఆమెకు నప్పుతుంది.

ఇద్దరిమధ్యా మాటల బుడగలు పెట్టి, ఒక్కొక్క వాక్యం పిల్లలచేత రాయించవచ్చు. అసలు ఆటలో ఈ పాత్రల సరసం పెద్దల కోసం ఉద్దేశించినది, కొంత మోటుగా కూడా ఉంటుంది, అందుకని యూట్యూబులో దొరికిన ప్రదర్శనను ముందుగా తాము చూడకుండా తరగతిలో పెట్టకూడదు. పిల్లల సంభాషణ వారి బడిలోంచి, వారి ఇంట్లోంచి వస్తేనే బాగుంటుంది. పొద్దున్నే బస్సు తప్పిపోవడం, టిఫిన్ డబ్బా మరిచిపోవడం, వర్షానికి బడి మూసేస్తారా లేదా అన్న వాదన వంటివి చాలు.

వెలుగులో చూపించడం

బొమ్మ పూర్తిగా ఆరిన తరువాత, మడిచిన న్యూస్‌పేపరు మీద పెట్టి, నగల చుక్కల దగ్గర సూదితో రంధ్రాలు పొడవాలి. తొమ్మిదేళ్ళు దాటినవారు పెద్దల సమక్షంలో పొడవవచ్చు, చిన్నవారికి పెద్దలే పొడిచి ఇవ్వాలి. ఆ తరువాత కాగితాన్ని తిరగవేసి, దూదితో కొబ్బరినూనెను పలచగా అంతటా అద్దాలి. నూనె ఎక్కువైతే ఇంకొక పొడి దూదితో ఒత్తి తీసివేయాలి. నూనె కాగితపు పోగుల మధ్యనున్న గాలి సందులను నింపుతుంది కాబట్టి కాగితంలోంచి వెలుగు తేలికగా దాటుతుంది, గీకిన తోలు చేసే పనిని ఇక్కడ నూనెకాగితం చేస్తుంది. రంగులు ఒక్కసారిగా వెలిగినట్టు కనిపించడం చూసి పిల్లలు కేకలు వేస్తారు, వేయనివ్వాలి.

బొమ్మను కత్తిరించి, వెనుక నిలువునా కొబ్బరి ఈనె ఒకటి టేపుతో (నూనె అద్దకముందే, లేదా నూనె తగలకుండా వదిలిన చోట) అంటిస్తే పట్టుకోవడానికి వీలవుతుంది. తెల్లని పంచె ఒకటి తలుపు గుమ్మానికి కట్టి, వెనుక ఎల్‌ఈడీ బల్బు పెడితే తెర సిద్ధం. నూనె పూసిన కాగితానికి నిప్పు త్వరగా అంటుకుంటుంది, అందువల్ల దీపం, కొవ్వొత్తి దగ్గరికి రానివ్వకూడదు. బొమ్మ తెరకు ఆనుకుని ఉంటే గీతలు స్పష్టంగా పడతాయి, తెరనుంచి దూరం జరిగి బల్బు వైపు వెళ్ళేకొద్దీ పెద్దదై మసకబారుతుంది. ఈ రెండింటినీ పిల్లలు తామే కనిపెట్టేదాకా వదిలిపెట్టవచ్చు.

పెద్ద పిల్లలు ఇంకొక అడుగు వేయాలనుకుంటే, ఒక చేతిని వేరే కాగితం మీద గీసి, కత్తిరించి, భుజం సున్న దగ్గర సూదితో దారం దూర్చి రెండువైపులా ముడి వేయవచ్చు. చేతి కొసకు ఇంకొక ఈనె అంటిస్తే పోలిగాడు చెయ్యి ఆడిస్తాడు. ముడి మరీ బిగుతుగా ఉంటే చెయ్యి కదలదు, కాబట్టి ముడికీ కాగితానికీ మధ్య గోరు దూరేంత సందు ఉంచాలి. కాగితం ముడి దగ్గర చిరగకుండా ముందే అక్కడ టేపు ముక్క అంటించుకోవాలి, నూనె అద్దాక టేపు అంటదు కనుక ఈ పనీ, వెనుక ఈనె అంటించే పనీ నూనెకు ముందే పూర్తిచేయాలి, లేదా ఆ రెండు చోట్ల నూనె తగలకుండా వదలాలి. ఆట అయిపోయాక బొమ్మలను ఒకదానిమీద ఒకటి పేర్చేటప్పుడు మధ్యలో న్యూస్‌పేపరు పెట్టాలి, పాఠ్యపుస్తకాల్లో దాచుకోవద్దని పిల్లలకు చెప్పాలి, లేకపోతే నూనె మరకలు పుస్తకాలకు దిగుతాయి.